అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్: లైసెన్సులు, పునఃపంపిణీ నియమాలపై చిన్న సంస్థలకు సమగ్ర మార్గదర్శి

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి లాటుకు ధర పలికినప్పటి నుంచి, కాటా వేసి, రైతు చేతికి లెక్క చీటీ ఇచ్చే వరకు అయ్యే పనంతా చూసుకునే ఒక సాఫ్ట్‌వేర్‌ను కర్నూలులోని చిన్న సంస్థ ఒకటి తయారుచేసి, కమీషన్ వ్యాపారులకూ జిన్నింగ్ మిల్లులకూ అమ్ముతున్నదనుకుందాం. అందులో ఆ సంస్థ సొంతంగా రాసిన కోడ్ కంటే, ఎక్కడెక్కడివారో రాసి ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా చదివి, మార్చి, పంచుకోవచ్చునన్న లైసెన్సుతో, విడుదల చేసిన కోడే ఎక్కువ ఉంటుంది. చీటీని పీడీఎఫ్‌గా మార్చే లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్ మూట), లెక్కలు దాచే డేటాబేసు, తెలుగు అక్షరాలకు ఫాంటు, ఎలక్ట్రానిక్ కాటా నుంచి బరువును చదివి కంప్యూటరుకు పంపే చిన్న లినక్స్ పెట్టె, ఇవన్నీ బయటివే. వీటిని కలిపి డబ్బుకు అమ్మవచ్చునా, అమ్మితే కొన్నవారికి ఏమేమి ఇవ్వాలి, మన సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠాన్ని) దాచుకునే హక్కు ఎంతవరకు నిలుస్తుంది అన్నవి ఈ మార్గదర్శిలోని ప్రశ్నలు.

ముందుగా రెండు అపోహలను పక్కన పెట్టాలి. ఓపెన్ సోర్స్ ఉచితం కనుక ఏమైనా చేసుకోవచ్చునన్నది ఒకటి, జీపీఎల్ (పంపిణీ చేసేవారు సోర్స్ కూడా ఇవ్వాలనే ఓపెన్ సోర్స్ లైసెన్సు) ఉన్నదాన్ని అమ్మకూడదన్నది రెండవది. 1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఇచ్చిన నిర్వచనంలో మొదటి నియమమే, అమ్మకాన్ని అడ్డుకునే లైసెన్సు ఓపెన్ సోర్స్ కాదని చెబుతుంది. జీపీఎల్ మూడవ వెర్షన్ అయితే ప్రతి కాపీకి మీకు తోచిన ధర పెట్టుకోవచ్చునని 4వ సెక్షనులో నేరుగా రాసింది. ఈ లైసెన్సులు పట్టించుకునేది ధరను కాదు, కాపీ ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారడాన్ని. కాబట్టి ఆఫీసు గడప దాటి బయటికి వెళ్లేది ఏమిటో తెలుసుకోవడంతోనే పని మొదలుపెట్టాలి. లైసెన్సు పాఠాలు ముందేసుకుని చదవడం ఆ తరువాతి పని.

1. బయటికి వెళ్లే ప్రతి వస్తువునూ జాబితా వేయండి

ఇన్‌స్టాలర్ ఫైలును ఖాళీ కంప్యూటరులో విప్పి, అందులో ఏమేమి ఉన్నాయో ఫైలు ఫైలుగా చూడండి. డెవలపర్లు జ్ఞాపకం మీద చెప్పే జాబితాలో పది పేర్లుంటే, విప్పి చూసినప్పుడు అంతకు ఎన్నో రెట్లు కనబడతాయి, ఎందుకంటే మీరు ఎంచుకున్న ఒక్కొక్క లైబ్రరీ తనకు కావలసిన మరికొన్నింటిని వెంటబెట్టుకుని వస్తుంది. జావాలో మావెన్ అనే బిల్డ్ పరికరం వాడేవారు డిపెండెన్సీ ట్రీని (ఏది దేన్ని వెంట తెచ్చిందో చూపే జాబితాను), జావాస్క్రిప్టుకు ఎన్‌పీఎం గానీ, పైథాన్ గానీ వాడేవారు వాటికి ఉన్న లైసెన్సు చెకర్లను నడిపి మొదటి జాబితా తీసుకోవచ్చు. ఫైళ్ల లోపలి కాపీరైట్ వాక్యాలను కూడా వెతకడానికి స్కాన్‌కోడ్, ఫాసాలజీ అనే ఉచిత పరికరాలున్నాయి.

జాబితాలో ప్రతి వస్తువుకూ పేరు, వెర్షన్ నంబరు, లైసెన్సు, ఎక్కడి నుంచి దించుకున్నారు, మనం మార్చామా లేదా అన్న అయిదు వివరాలు ఉండాలి. దీనినే ఎస్‌బీఓఎం (సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్) అంటున్నారు. దానిని రాసే పద్ధతుల్లో ఒకటైన ఎస్‌పీడీఎక్స్ 2021లో ఐఎస్ఓ ప్రమాణంగా నిలిచింది. అయినా చిన్న సంస్థకు ఒక ఎక్సెల్ షీటు చాలు, కాకపోతే ప్రతి విడుదలకూ దాన్ని కొత్తగా తీయాలి.

వెర్షన్ నంబరు రాయమనడానికి గట్టి కారణమే ఉంది. రెడిస్ అనే డేటాబేసు 2024 మార్చి వరకు షరతులు తక్కువగా ఉండే బీఎస్‌డీ లైసెన్సుతో వచ్చింది, 7.4 నుంచి ఓపెన్ సోర్స్ కాని లైసెన్సులకు మారింది, మళ్లీ 2025లో 8వ వెర్షనుతో ఏజీపీఎల్‌ను (జీపీఎల్‌ను నెట్‌వర్కు వాడకానికీ విస్తరించిన లైసెన్సును) కూడా ఒక ఎంపికగా చేర్చింది. వెతుకులాట సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో 7.11 నుంచి, హాషికార్ప్ సంస్థ సర్వర్ల నిర్వహణ పరికరం టెర్రాఫామ్ 2023 ఆగస్టులో ఇలాగే దారి మార్చాయి. పేరు ఒకటే అయినా వెర్షను మారితే హక్కులు మారిపోతాయి. పాత వెర్షనుకు ఒకసారి ఇచ్చిన అనుమతి మాత్రం పోదు, రెడిస్ నుంచి వాల్కీ, టెర్రాఫామ్ నుంచి ఓపెన్‌టోఫు వంటి శాఖలు పుట్టింది ఆ ఆధారంతోనే.

2. లైసెన్సులను గుంపులుగా విడదీయండి

ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ 2.0 వంటివి మొదటి గుంపు. వీటితో తగాదా తక్కువ. కాపీరైట్ వాక్యాన్నీ లైసెన్సు పాఠాన్నీ కాపీతోపాటు ఇస్తే మీ కోడ్‌ను మూసి ఉంచుకోవచ్చు. అపాచీలో మాత్రం మార్చిన ఫైళ్లలో మార్చినట్లు రాయాలి, మూలంలో నోటీస్ అనే ఫైలు ఉంటే దాన్నీ వెంట పంపాలి. పేటెంటు అనుమతి కూడా అందులోనే ఉంది. అపాచీ 2.0 కోడ్‌ను జీపీఎల్ మూడవ వెర్షనులో కలపవచ్చు కానీ, రెండవ వెర్షనుకు మాత్రమే పరిమితమైన కోడ్‌తో కలపకూడదన్నది జీపీఎల్‌ను రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మాట.

రెండవ గుంపు ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్, వీటి షరతులు ఆ లైబ్రరీకో ఆ ఫైళ్లకో పరిమితం. మూడవది జీపీఎల్, ఏజీపీఎల్, వీటి షరతులు కలిసిన ప్రోగ్రాం మొత్తానికీ వర్తిస్తాయి. నాలుగవ గుంపులో సోర్స్ కనబడుతుంది గానీ ఓపెన్ సోర్స్ కానివి ఉంటాయి: మాంగోడీబీ 2018లో తెచ్చిన ఎస్ఎస్‌పీఎల్, హాషికార్ప్ వాడే బిజినెస్ సోర్స్ లైసెన్సు, వాణిజ్యేతర వాడకానికి మాత్రమే అని రాసినవి. ఈ నాలుగవ గుంపులోని వస్తువు కనబడగానే పని ఆపి, ఆ ఒక్క లైసెన్సును మొదటి నుంచి చివరి వరకు చదవాలి. వాటిలో సాధారణ సూత్రం అంటూ ఏదీ ఉండదు.

అయిదవదాన్ని గుంపు అనడం కంటే గొయ్యి అనడం నయం. గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉన్నా లైసెన్సు ఫైలే లేని కోడ్ అది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 2(ఓ) సెక్షను ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందికి వస్తుంది, 30వ సెక్షను ప్రకారం అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. అనుమతి రాయని కోడ్‌ను చూడవచ్చునేమో గానీ, మీ ఇన్‌స్టాలర్‌లో పెట్టి అమ్మే హక్కు మీకు లేదు. రచయితకు మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి లైసెన్సు ఫైలు చేర్చమని అడగడమే దారి, చాలామంది ఒప్పుకుంటారు కూడా.

3. కాపీ ఎవరి చేతికి, ఏ రూపంలో వెళుతోందో తేల్చుకోండి

ఒకే కోడ్ మీద వేర్వేరు బాధ్యతలు పడేది ఇక్కడే. సంస్థ లోపల మాత్రమే వాడుకుంటే జీపీఎల్ మీ నుంచి ఏమీ అడగదు. వ్యాపారి కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసినా, పెన్ డ్రైవులో ఇచ్చినా, ఫోనులో యాప్‌గా పంపినా అది పంపిణీ. కాటా దగ్గర బిగించిన లినక్స్ పెట్టెను అమ్మితే, అందులో ఉన్న కెర్నల్ (లినక్స్ మూల భాగం), బిజీబాక్స్ (చిన్న కమాండ్ల మూట) రెండూ జీపీఎల్ రెండవ వెర్షనువి కనుక, పెట్టెతోపాటు వాటినీ పంపిణీ చేసినట్లే లెక్క. అద్దెకిచ్చిన పెట్టె మన ఆస్తి కదా, మనకేమిటని వాదించవలసిన పరిస్థితి తెచ్చుకోవడం కంటే అమ్మకానికి పాటించిన నియమాలనే దానికీ పాటించడం తేలిక.

మీ సర్వర్‌లో నడిపిస్తూ బ్రౌజరు ద్వారా వాడుకోనిస్తే జీపీఎల్ ప్రకారం పంపిణీ జరగలేదు. ఏజీపీఎల్ పుట్టింది ఆ ఖాళీని పూడ్చడానికే. దాని 13వ సెక్షను ప్రకారం, మార్పు చేసిన ప్రోగ్రాంను నెట్‌వర్కు ద్వారా వాడేవారందరికీ సోర్స్ పొందే అవకాశం చూపాలి.

4. జీపీఎల్ కోడ్ ఉంటే చేయవలసిన పనులు

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన అంచె ఇది. జీపీఎల్ లైబ్రరీని మీ ప్రోగ్రాంలో కలిపి పంపిణీ చేస్తే, కలిసిన ప్రోగ్రాం మొత్తం జీపీఎల్ కిందనే వెళ్లాలి. మీ కోడ్ మూసి ఉంచాలనుకుంటే ఆ లైబ్రరీని కలపకూడదు, అంతే. జీపీఎల్ ప్రోగ్రాం వేరే ప్రాసెసుగా నడుస్తూ, మీ ప్రోగ్రాం దానితో కమాండ్ లైను ద్వారానో సాకెట్ ద్వారానో మాట్లాడుతుంటే, మామూలుగా రెండూ వేర్వేరు ప్రోగ్రాంలే అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అభిప్రాయం. అలాగే ఒకే డిస్కులో పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకదాని లైసెన్సు మరొకదానికి అంటదు. కానీ లోపలి డేటా నిర్మాణాలను పంచుకునేంత దగ్గరగా అల్లుకుపోయిన రెండు ప్రోగ్రాంలను, మధ్యలో ఒక సాకెట్ పెట్టి వేరని చెప్పుకోవడం నమ్మదగిన వాదన కాదు.

సోర్స్ ఇవ్వడమంటే మూల ప్రాజెక్టు లింకు పంపడం కాదు. కొన్నవారికి ఇచ్చిన బైనరీ (కంప్యూటరులో నడిచే రూపం) ఏ కోడ్ నుంచి తయారైందో సరిగ్గా ఆ కోడ్‌ను, మీ మార్పులతో సహా, దాన్ని బిల్డ్ చేసే స్క్రిప్టులతో సహా ఇవ్వాలి. పెట్టెలోని కెర్నల్ విషయంలోనైతే కాన్ఫిగరేషన్ ఫైలు, కాటా పోర్టు కోసం మీరు చేర్చిన ప్యాచ్, క్రాస్ కంపైల్ స్క్రిప్టు అన్నీ అందులోకి వస్తాయి. రెండవ వెర్షను కింద మార్చిన ప్రతి ఫైలులో మార్చినట్లూ, ఏ తేదీన మార్చారో కూడా రాయాలి.

ఇచ్చే పద్ధతులు రెండు మూడున్నాయి. బైనరీతోపాటే అదే పెన్ డ్రైవులో సోర్స్ పెట్టి ఇచ్చేయడం ఒకటి, నా సలహా ఎప్పుడూ ఇదే, ఎందుకంటే ఆ రోజుతో బాధ్యత తీరిపోతుంది. డౌన్‌లోడ్ రూపంలో ఇచ్చేవారు బైనరీ ఉన్న చోటనే సోర్స్‌ను కూడా ఉంచవచ్చు. ఇక మూడవది, అడిగితే ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వడం. ఈ హామీ రెండవ వెర్షను ప్రకారం కనీసం మూడేళ్లు చెల్లాలి, ఎవరు అడిగినా నెరవేర్చాలి, పంపడానికి అయ్యే ఖర్చు కంటే ఎక్కువ వసూలు చేయకూడదు. మూడవ వెర్షనులో మూడేళ్లతోపాటు, ఆ మోడలుకు విడిభాగాలో సర్వీసో ఇస్తున్నంత కాలం కూడా హామీ నిలవాలి. కాటా పెట్టెకు ఏటా సర్వీసు కాంట్రాక్టు రాసుకునే సంస్థకు ఇది చిన్న విషయం కాదు. ప్రతి విడుదలకూ సోర్స్ మూటను వేరుగా దాచి ఉంచనివారు అయిదేళ్ల తరువాత అదే కోడ్‌ను తిరిగి పుట్టించలేరు.

అమ్మకపు ఒప్పందంలో రాయకూడనివి కూడా ఉన్నాయి. ఒక కంప్యూటరులోనే వాడాలి, కాపీ చేయకూడదు, లోపల చూడకూడదు, పక్క మిల్లుకు ఇవ్వకూడదు అని చాలా ఒప్పందాల్లో అచ్చుగుద్దినట్లు ఉంటుంది. జీపీఎల్ భాగాలకు ఇలాంటి అదనపు ఆంక్షలు పెట్టడానికి వీల్లేదు. ఎమ్మిగనూరు వ్యాపారి మీ దగ్గర కొన్న జీపీఎల్ ప్రోగ్రాంను తన బావమరిదికి ఊరికే ఇచ్చినా, అమ్మినా, మీరు అడ్డుచెప్పలేరు. అందువల్ల ఒప్పందంలో, ఓపెన్ సోర్స్ భాగాలకు వాటి సొంత లైసెన్సులే వర్తిస్తాయి, ఈ ఒప్పందానికీ వాటికీ వైరుధ్యం వస్తే ఆ లైసెన్సులదే పైచేయి అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి తప్పక చేర్చాలి.

5. ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్

ఎల్‌జీపీఎల్ లైబ్రరీని మూసిన ప్రోగ్రాంలో వాడవచ్చు. అయితే కొన్నవారు ఆ లైబ్రరీని తాము మార్చుకున్న వెర్షనుతో బదులు పెట్టుకోగలగాలి, ఆ మార్పులను సరిచూసుకోవడానికి అవసరమైన రివర్స్ ఇంజనీరింగును మీ ఒప్పందం నిషేధించకూడదు. లైబ్రరీని విడి ఫైలుగా డైనమిక్‌గా (ప్రోగ్రాం నడిచేటప్పుడు మాత్రమే జతపడేలా) లింకు చేస్తే ఇది సులువుగా తీరుతుంది. అన్నిటినీ ఒకే ఫైలుగా కుదించి, పేర్లు చెరిపి పంపేవారికి ఇది తలనొప్పి అవుతుంది. ఎంపీఎల్ 2.0 ఫైలు స్థాయిలోనే ఆగుతుంది: ఆ ఫైళ్లలో చేసిన మార్పులను వెల్లడిస్తే మిగిలినది మీ ఇష్టం.

6. రెండు లైసెన్సులతో వచ్చేవాటిని ముందే పసిగట్టండి

వాణిజ్య ఓపెన్ సోర్స్ సంస్థలు తరచుగా అనుసరించే పద్ధతి ఇది. ఒకే కోడ్‌ను ఒకవైపు జీపీఎల్ లేదా ఏజీపీఎల్ కింద అందరికీ ఇస్తాయి, ఆ షరతులు వద్దనుకునేవారికి డబ్బు తీసుకుని వేరే లైసెన్సు అమ్ముతాయి. డేటాబేసు మైఎస్‌క్యూఎల్, ప్రోగ్రాం తెరలు తయారుచేసే క్యూటీ, పీడీఎఫ్ పరికరం ఘోస్ట్‌స్క్రిప్ట్ ఈ కోవలోనివే.

పత్తి చీటీని పీడీఎఫ్‌గా చేసే లైబ్రరీనే దగ్గరగా చూద్దాం. జావాలో చాలామందికి మొదట తట్టే పేరు ఐటెక్స్ట్. 2009 చివర వచ్చిన 5వ వెర్షను నుంచి అది ఏజీపీఎల్ కింద వస్తోంది. అంటే దాన్ని మీ ప్రోగ్రాంలో కలిపి అమ్మితే, మీ ప్రోగ్రాం సోర్స్ మొత్తం ఇవ్వాలి, లేదా ఆ సంస్థ నుంచి వాణిజ్య లైసెన్సు కొనాలి. మన ప్రోగ్రాం సర్వర్‌లోనే ఉంది, వ్యాపారికి వెళ్లేది పీడీఎఫ్ మాత్రమే కదా అన్న సమాధానం కూడా ఇక్కడ సురక్షితం కాదు, ఆ లైబ్రరీని కలిపి కొత్త ప్రోగ్రాం తయారుచేయడమే మార్పు చేయడమని హక్కుదారులు వాదించగలరు. ఎవరికి తెలుస్తుందిలే అనుకునేవారు ఒక పని చేయాలి: వాట్సాప్‌లో వ్యాపారికి వెళ్లిన చీటీని తెరిచి, దాని ప్రాపర్టీస్‌లో ప్రొడ్యూసర్ అన్న వరుసను చదవాలి. ఏ లైబ్రరీ, ఏ వెర్షను తయారుచేసిందో సాధారణంగా అక్కడే ఉంటుంది. ప్రతి చీటీ ఆ సాక్ష్యాన్ని మోసుకుని ఊరూరా తిరుగుతుంది.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. పాత ఐటెక్స్ట్ నుంచి చీలివచ్చిన ఓపెన్‌పీడీఎఫ్ ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ కింద, పీడీఎఫ్‌బాక్స్ అపాచీ 2.0 కింద దొరుకుతాయి. తెలుగు ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చోవడం ప్రతి లైబ్రరీకీ రాదు కనుక, మార్చే ముందు ‘క్వింటాళ్లు’, ‘హమాలీ ఖర్చు’, ‘లక్ష్మీనరసింహ ట్రేడర్స్’ వంటి మాటలతో నాలుగు చీటీలు ప్రింటు తీసి చూడాలి. డేటాబేసు విషయంలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లైసెన్సు బీఎస్‌డీ తరహాది, ఎస్‌క్యూలైట్ పబ్లిక్ డొమైన్‌లోనే ఉంది. మైఎస్‌క్యూఎల్ వాడేవారు సర్వర్ కంటే కనెక్టర్ (ప్రోగ్రాంను డేటాబేసుతో కలిపే లైబ్రరీ) మీద ఎక్కువ కన్నేయాలి, ఎందుకంటే మీ ప్రోగ్రాంలో కలిసేది అదే.

ఈ లైసెన్సులు కాగితపు పులులనుకోవడం పొరపాటు. ఫ్రాన్సులో ఆంత్రువేర్ అనే చిన్న సంస్థ జీపీఎల్ కిందనూ, వాణిజ్య లైసెన్సు కిందనూ ఇస్తున్న లాసో లైబ్రరీని ఆరెంజ్ టెలికాం సంస్థ షరతులు పాటించకుండా ప్రభుత్వ పోర్టల్ పనిలో వాడిందన్న కేసులో, 2024 ఫిబ్రవరిలో పారిస్ అప్పీలు కోర్టు మొత్తం 8 లక్షల యూరోల పరిహారం విధించింది. మన దేశంలో కాపీరైట్ చట్టం 63వ సెక్షను ప్రకారం, తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

7. పేర్లు, గుర్తులు, ఫాంట్లు

కోడ్ మీద హక్కు వచ్చినంత మాత్రాన పేరు మీద హక్కు రాదు. రెడ్‌హ్యాట్ లినక్స్ కోడ్ నుంచి సొంత పంపిణీ తయారుచేసినవారు రెడ్‌హ్యాట్ పేరునూ లోగోనూ తొలగించి విడుదల చేయవలసిందే. ఆల్మాలినక్స్, రాకీలినక్స్ వేరే పేర్లతో ఉండడానికి ఇదొక కారణం. మీరు కూడా ‘ఫలానా డేటాబేసుతో పనిచేస్తుంది’ అని రాయవచ్చు గానీ, ఆ పేరును మీ ఉత్పత్తి పేరులో కలపకూడదు.

ఫాంట్ల విషయం మనవాళ్లు బొత్తిగా పట్టించుకోరు. విండోస్‌తో వచ్చే గౌతమి ఫాంటు ఫైలును తీసి మీ ఇన్‌స్టాలర్‌లో పెట్టే అనుమతి లేదు. డీటీపీ సెంటరులో ఎవరో కాపీ చేసి ఇచ్చిన ఫాంట్ల సంగతి చెప్పనక్కరలేదు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వాటిని మీ సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మవచ్చు, ఫాంటును ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు, లైసెన్సు పాఠాన్ని వెంట పంపాలి. ఆ ఫాంటుతో ముద్రించిన చీటీలకు ఈ షరతులేవీ అంటవు.

8. మీ సొంత కోడ్‌నే వాణిజ్య ఓపెన్ సోర్స్‌గా విడుదల చేయదలిస్తే

రెండు లైసెన్సుల పద్ధతిని మీరూ అనుసరించవచ్చు, కానీ కోడ్ మొత్తం మీదైతేనే. కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. ఇంటర్న్‌షిప్ పేరుతో వేసవిలో వచ్చి రెండు మాడ్యూళ్లు రాసి వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థి, పనికింత అని మాట్లాడుకున్న ఫ్రీలాన్సరు మీ ఉద్యోగులు కారు. డబ్బు చెల్లించారన్న మాటతో హక్కు బదిలీ కాదు, సంతకంతో కూడిన బదిలీ పత్రం కావాలి. 19వ సెక్షను ప్రకారం ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం చేసుకుంటారు. కాబట్టి కాపీరైట్ ఉన్నంత కాలానికి, ప్రపంచమంతటికీ అని స్పష్టంగా రాయించుకోవాలి. బయటివారు పంపే ప్యాచ్‌లకూ ఇలాంటి అంగీకార పత్రం లేకుండా చేర్చుకుంటే, రేపు వాణిజ్య లైసెన్సు అమ్మేటప్పుడు ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్లాలి.

ఏ లైసెన్సు ఎంచుకోవాలన్నది మీ ఆదాయం దేని నుంచి వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇన్‌స్టాలేషన్, శిక్షణ, సీజనులో ఫోనెత్తి జవాబు చెప్పడం, వీటికే వ్యాపారులు డబ్బిస్తున్నట్లయితే కోడ్‌ను జీపీఎల్ కింద వదిలినా మీ సంపాదనకు గండి పడదు. పెద్ద సంస్థ ఎవరైనా మీ కోడ్‌ను తమ సర్వర్‌లో నడిపి మీ ఖాతాదారులను లాక్కుంటారన్న భయముంటే ఏజీపీఎల్ ఎంచుకోండి. ఎస్ఎస్‌పీఎల్ వంటివాటిని ఎంచుకుని ఓపెన్ సోర్స్ అని ప్రచారం చేసుకోవద్దు. 2015లో కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించినప్పటి నుంచి ప్రభుత్వ టెండర్లలో ఈ మాటకు విలువ పెరిగింది, తప్పుగా రాస్తే నిలదీస్తారు.

9. పంపే మూటను సర్దడం, నోటీసు వస్తే చేయవలసినది

ఇన్‌స్టాలర్ లోపల ‘మూడవ పక్షాల లైసెన్సులు’ అనే ఫోల్డరు పెట్టి, జాబితాలోని ప్రతి వస్తువు కాపీరైట్ వాక్యాన్నీ, లైసెన్సు పూర్తి పాఠాన్నీ అందులో చేర్చండి. ప్రోగ్రాంలో ‘గురించి’ అన్న తెర నుంచి దానికి దారి చూపండి. కాటా పెట్టెకు తెర ఉండదు కనుక, వారంటీ కార్డు వెనకవైపు సోర్స్ హామీని అచ్చు వేయించండి, అందులో ఇచ్చే ఈమెయిల్ ఒక ఉద్యోగి పేరు మీద కాకుండా సంస్థ పేరు మీద ఉండాలి, ఉద్యోగి మానేసినా ఉత్తరం చేరాలి కదా.

ఉల్లంఘన జరిగిందని హక్కుదారు నుంచి ఈమెయిల్ వస్తే, దాన్ని మోసపు ఉత్తరమని చెత్తబుట్టలో వేయకండి. జీపీఎల్ రెండవ వెర్షనులో ఉల్లంఘించిన క్షణమే హక్కులు రద్దవుతాయి. మూడవ వెర్షను కొంత దయ చూపింది: ఆ హక్కుదారు నుంచి మొదటిసారి నోటీసు అందిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే హక్కులు శాశ్వతంగా తిరిగి వస్తాయి. ఉల్లంఘన ఆపిన తరువాత 60 రోజుల్లోపు ఎవరూ నోటీసు ఇవ్వకపోయినా అంతే. కాబట్టి ఈమెయిల్ అందిన తేదీని రాసుకుని, ఆ వెర్షను డౌన్‌లోడ్‌ను వెంటనే నిలిపివేసి, అందిందనీ పరిశీలిస్తున్నామనీ రెండు వాక్యాల జవాబు ఆ రోజే పంపండి. తప్పు ఒప్పుకునే మాటలు గానీ, ఎదురు బెదిరింపులు గానీ అందులో వద్దు. తరువాత జాబితా ముందేసుకుని, ఏ విడుదలలో ఏ ఫైలు వెళ్లిందో, అది ఏయే వ్యాపారులకు చేరిందో తేల్చి, కాపీరైట్ వ్యవహారాలు చూసే న్యాయవాదికి ఆ కాగితాలు చూపించి, సోర్స్ ఇవ్వడమా, లైసెన్సు కొనడమా, లైబ్రరీని మార్చడమా నిర్ణయించుకోండి. లైబ్రరీని మార్చినా, ఇప్పటికే పంపిన కాపీలకు సోర్స్ ఇవ్వవలసిన బాధ్యత అలాగే ఉంటుంది.